మూసిన బడులు, తెరచిన తలుపులు

(శతవార్షికోత్సవ కూటములలో ఒక సాయంకాలము చేసిన ప్రసంగ పాఠము)



ఈ కూటములలో మన పెద్దలు దేవాలయములు కట్టిన చరిత్ర చెప్పారు, ఆసుపత్రుల చరిత్ర చెప్పారు. నాకు ఇచ్చిన అంశము "బడి, సంఘము, న్యాయము". ఈ అంశము మీద మన సొంత గొప్ప చెప్పుకొనుట సులభమే. కాని నేను మిమ్మును కొంతసేపు ఒక దూర దేశపు పట్టణమునకు తీసుకొని పోదలచాను. అది అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రములో ఉన్న మిన్నియాపొలిస్ పట్టణము. 2020వ సంవత్సరములో ఆ పట్టణపు బడులు విద్యా సంవత్సరమును ఏ విధముగా ముగించాయో మనము తెలిసికొనవలెను.

మనకూ ఆ ఊరికీ ఏమి సంబంధమని మీరు అడుగవచ్చును. సంబంధము ఉన్నది. 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టి, అక్కడ సువార్త పనిని, బడుల పనిని ఆరంభించిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గారిని తెలుగు క్రైస్తవులు ఎరుగుదురు. ఆయన 1857లో మన దేశము విడిచి వెళ్లిన తరువాత పనిచేసినది మిన్నెసోటాలోనే. 1860లో అక్కడ లూథరన్ సినడు ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడు ఆయనే. మిన్నియాపొలిస్‌కు ఆనుకొని ఉన్న సెయింట్ పాల్ ఆయన పరిచర్య చేసిన ఊరు. మరల 1869లో, డెబ్బది అయిదేండ్లు దాటిన వయస్సులో, ఆయన తెలుగు దేశమునకు వచ్చారు. కాబట్టి ఆ నేల మనకు పూర్తిగా పరాయిది కాదు.

ఇక విషయమునకు వద్దాము. అమెరికాలో బడులను చాలవరకు "స్కూలు డిస్ట్రిక్టు" అనే స్థానిక సంస్థ నడుపుతుంది. దానికి ప్రజలు ఎన్నుకొన్న బోర్డు ఉంటుంది. మిన్నియాపొలిస్ బోర్డులో తొమ్మిదిమంది సభ్యులు. ఆ బడులలో చదివే పిల్లలలో సగమునకు పైగా తెల్లజాతివారు కానివారే. నల్లజాతి పిల్లలు, సోమాలియా నుండి వచ్చిన కుటుంబముల పిల్లలు, స్పానిష్ మాట్లాడే పిల్లలు, ఆ నేలకు అసలు హక్కుదారులైన ఆదివాసుల పిల్లలు అక్కడ కలిసి చదువుతారు. మిన్నెసోటా సంపన్న రాష్ట్రమే. అయినను తెల్ల పిల్లల చదువుకు, నల్ల పిల్లల చదువుకు మధ్య అంత అంతరము ఉన్న రాష్ట్రములు ఆ దేశములో కొద్దియే.

2020 మార్చిలో కోవిడ్ మహమ్మారి వచ్చినది. ఆ రాష్ట్ర గవర్నరు మార్చి 18 నుండి బడులు మూయించారు. ఏప్రిల్‌లో, ఆ విద్యా సంవత్సరములో పిల్లలు ఇక తరగతి గదులకు రానక్కరలేదని ప్రకటించారు. పాఠములు కంప్యూటరు మీదికి వెళ్లాయి. ఇంటిలో యంత్రము ఉన్నవానికి పాఠము అందినది, లేనివాడు వెనుకబడినాడు. పట్టాలందుకొనే సభలు ఎప్పటివలె జరుగలేదు. అప్పటికే ఆ విద్యా సంవత్సరము దుఃఖముతో ముగియబోవుచున్నది.

అంతలో మే 25వ తేదీ వచ్చినది. జార్జ్ ఫ్లాయిడ్ అను 46 సంవత్సరముల నల్లజాతీయుని మెడపై డెరెక్ షావిన్ అను పోలీసు అధికారి తొమ్మిదిన్నర నిమిషముల సేపు మోకాలు మోపి ఉంచాడు. ఆ మనుష్యుడు ఊపిరి ఆడటము లేదని మొరపెట్టుచు, తల్లిని పిలుచుచు చనిపోయాడు.

ఈ ఫ్లాయిడ్ ఎవరు? హ్యూస్టన్ నగరములో పేదల వాడలో పెరిగినవాడు. రెండవ తరగతిలో ఉన్నప్పుడు, పెద్దయిన తరువాత ఏమి కావాలని అడిగితే, సుప్రీం కోర్టు న్యాయమూర్తిని కావాలని వ్రాశాడట. ఆయన చనిపోయిన తరువాత ఆ సంగతిని వెల్లడి చేసినది ఆయనకు చదువు చెప్పిన గురువమ్మే. మహమ్మారి వలన హోటలు మూతపడి ఆయన పని పోయినది. ఏప్రిల్‌లో ఆయనకు ఆ వ్యాధి సోకినట్లు శవపరీక్షలో తెలిసినది. ఆ సంవత్సరపు రెండు బాధలూ ఆ ఒక్క శరీరము మీదికే వచ్చాయి.

మరుసటి దినము పోలీసుల మొదటి ప్రకటన, అది అనారోగ్యము వలన కలిగిన మరణమన్నట్లుగా ఉన్నది. సత్యము బయటికి వచ్చినది ఎవరి వలన? 17 సంవత్సరముల హైస్కూలు విద్యార్థిని డార్నెల్లా ఫ్రేజియర్ వలన. తొమ్మిదేండ్ల చెల్లెలి వరుస పిల్లను వెంటబెట్టుకొని అంగడికి వచ్చిన ఆ బాలిక, పారిపోక నిలువబడి, తన ఫోనులో అంతయు చిత్రించినది. 2021లో న్యాయస్థానములో సాక్ష్యము చెప్పినది. ఏప్రిల్ 20న షావిన్ దోషి అని తీర్పు వచ్చినది. ఆ సంవత్సరమే పులిట్జర్ సంస్థ ఆమెకు ప్రత్యేక గౌరవమిచ్చినది. యెరికో మార్గములో పక్కగా తప్పుకొని పోయినవారిని గూర్చి మనము ఎన్నోసార్లు ప్రసంగించాము. ఈ పిల్ల తప్పుకొని పోలేదు.

ఆ దినములలో ఆ స్కూలు డిస్ట్రిక్టు ముందు నిలిచిన మూడు సంగతులను మీ ముందు ఉంచుతాను.

మొదటిది, అన్నము. అక్కడి పేద పిల్లలకు ఉదయపు ఫలహారము, మధ్యాహ్న భోజనము బడిలోనే దొరుకుతాయి. బడి మూసినప్పుడు ఆహారము పొట్లములు కట్టి పంచారు. మే నెలాఖరున ఊరిలో అల్లర్లు చెలరేగి లేక్ స్ట్రీట్ వెంట అనేక దుకాణములు తగులబడ్డాయి, కొన్ని దోపిడీకి గురయ్యాయి. బస్సులు, రైళ్లు ఆగిపోయాయి. కారు లేని తల్లి బియ్యము ఎక్కడ తెచ్చుకొంటుంది? అప్పుడు సాన్‌ఫర్డ్ మిడిల్ స్కూలు ప్రధానోపాధ్యాయురాలు తమ పిల్లల కుటుంబముల కొరకు 85 సంచుల సరుకులు కావాలని అడిగింది. మే 31 ఆదివారమున ఆ బడి ముందు కార్లు మైళ్ల పొడవున బారులు తీరాయి. వేలకొలది సంచులు వచ్చి, బడి ఆవరణ నిండి, మిగిలినవి ఇతర చోట్లకు పంపవలసి వచ్చినది.

ఇక్కడ మరియొక మనుష్యుని కూడా జ్ఞాపకము చేసికొనవలెను. సెయింట్ పాల్ పట్టణములో ఒక బడి భోజనశాలకు పర్యవేక్షకుడుగా ఫిలాండో కాస్టీల్ అను నల్లజాతీయుడు ఉండేవాడు. పిల్లల దగ్గర పైకము లేకపోతే తన జేబులోనుండి ఇచ్చి భోజనము పెట్టించేవాడని తోటివారు చెప్పారు. 2016 జూలై 6న కారు ఆపిన పోలీసు ఆయనను కాల్చి చంపాడు. 2017లో న్యాయస్థానము ఆ పోలీసును నిర్దోషిగా విడిచిపెట్టినది. 2020లో అక్కడి జనుల కోపము ఒక్క దినములో పుట్టినది కాదు.

రెండవది, రక్షణ. మిన్నియాపొలిస్ బడులలో నగర పోలీసులు కాపలా ఉండుటకు ఒప్పందము ఉండేది. జూన్ 2న బోర్డు సభ్యులు తొమ్మిదిమందియు ఏకగ్రీవముగా ఆ ఒప్పందమును రద్దు చేశారు. ఇది సులభమైన నిర్ణయమని నేను అనను. బడిలో కొట్లాట జరిగితే ఎవరు వస్తారని భయపడిన తల్లిదండ్రులు ఉన్నారు. కొన్ని బడులలో ఆ పోలీసులు పిల్లలతో స్నేహముగా ఉన్నారని చెప్పినవారును ఉన్నారు. అయినను ఆ యూనిఫారము చూచి భయపడే పిల్లవాడు ఆ బడిలో కూర్చొని లెక్కలు నేర్చుకొనగలడా అన్నది బోర్డు ముందున్న ప్రశ్న. ఆ పోలీసు శాఖతో చెయ్యి కలిపి ఉండి, మేము మీ పక్షమున ఉన్నామని ఆ పిల్లలతో చెప్పుటకు వారికి నోరు రాలేదు.

మూడవది, హద్దులు. సహోదరులారా, ఇది అన్నిటికంటె లోతైన సంగతి. 1910 మొదలుకొని మిన్నియాపొలిస్‌లో స్థలముల దస్తావేజులలో, ఈ స్థలమును నల్లవారికి అమ్మరాదు, అద్దెకు ఇయ్యరాదు అని వ్రాసేవారు. అటువంటి దస్తావేజులను మిన్నెసోటా విశ్వవిద్యాలయపు పరిశోధకులు వేల సంఖ్యలో వెలికి తీశారు. 1931లో ఆర్థర్ లీ అను నల్లజాతీయుడు, మొదటి ప్రపంచ యుద్ధములో పనిచేసినవాడు, తపాలా ఉద్యోగి, తెల్లవారు ఉండే పేటలో ఇల్లు కొన్నాడు. వేలమంది గుమికూడి ఆ ఇంటిని చుట్టుముట్టారు. ఆయన మాత్రము, దేశము కొరకు యుద్ధమునకు వెళ్లినవానికి ఇల్లు కట్టుకొనే హక్కు లేదా అని నిలిచాడు. 1953లో రాష్ట్రము, 1968లో దేశము ఇట్టి షరతులను చట్టరీత్యా నిషేధించాయి. కాని చట్టము మారినంత మాత్రమున పేటలు మారలేదు. ఇల్లు ఎక్కడో, బడి అక్కడ. తాతకు ఇల్లు దొరకని పేటలో మనుమనికి బడి దొరకలేదు.

అందుచేతనే 2020 మే 12న, అనగా ఫ్లాయిడ్ మరణమునకు రెండు వారములు ముందు, ఆ బోర్డు బడుల హద్దులను తిరిగి గీచే ప్రణాళికను 6 ఓట్లకు 3 ఓట్ల తేడాతో అంగీకరించినది. ఒకే జాతి పిల్లలు పోగుపడిన బడుల సంఖ్య తగ్గించవలెనని దాని ఉద్దేశము. దాని వలన వేలమంది పిల్లలు బడి మారవలసి వచ్చినది. తెల్ల తల్లిదండ్రులలోనే కాదు, నల్లవారిలోను దానిని వ్యతిరేకించినవారు ఉన్నారు. మంచి ఉద్దేశము ఒక్కటే చాలదు, బాధ ఎవరి మీద పడుతున్నదో కూడా చూడవలెనని వారి మాట. ఆ మాటలో న్యాయము ఉన్నది.

తరువాత ఏమైనది? అన్నియు చక్కబడినవని చెప్పలేను. 2020 సెప్టెంబరులో కొత్త సంవత్సరము మరల కంప్యూటరు తెరల మీదనే మొదలైనది. చాలా కుటుంబములు ఆ బడులను విడిచి వెళ్లాయి. 2022 మార్చిలో ఉపాధ్యాయులు, తక్కువ జీతముతో పనిచేసే సహాయకులు దాదాపు మూడు వారములు సమ్మె చేశారు. ఒక బోర్డు ఒక రాత్రి చేసిన తీర్మానముతో నూరేండ్ల అన్యాయము తొలగిపోదు. కాని బడి మూసి ఉన్నది కదా, ఇది మా పని కాదు అని వారు తప్పించుకొనలేదు. అది మనము నేర్చుకొనదగినది.

ప్రియులారా, ఇప్పుడు మన వంతు. అదే 2020లో మన బడులును మూతపడ్డాయి. జూన్‌లో తెలంగాణలోను, ఆంధ్రప్రదేశ్‌లోను పదవ తరగతి పరీక్షలు రద్దయినవి. మన వాడలలో ఒక్క ఫోను ముందు ముగ్గురు పిల్లలు కూర్చున్నారు. ఆ ఫోనును తండ్రి పనికి తీసుకొని పోతే పాఠము లేదు. కూలికి వెళ్లిన పిల్లలలో కొందరు తిరిగి పుస్తకము పట్టలేదు. వారి పేర్లు మన సంఘ పట్టీలలో ఉన్నాయి.

దస్తావేజుల సంగతి విని మనము ఆశ్చర్యపడనక్కరలేదు. ఊరికి ఎడముగా వాడ ఎందుకు ఉన్నదో మనకు ఎవరును చెప్పనక్కరలేదు. మిషను బడులలో పంచమ పిల్లలను చేర్చుకొన్నప్పుడు తక్కినవారు తమ పిల్లలను మాన్పించుకొన్న సంగతి మన చరిత్రలో వ్రాయబడియున్నది. అయినను ఆనాటి దొరలు, దొరసానులు, వారికంటె ఎక్కువగా మన తెలుగు ఉపాధ్యాయులు, ఆ పిల్లలను బయటికి పంపలేదు. బడి ఖాళీ అయినను సరే, ఈ బిడ్డ ఇక్కడనే కూర్చుంటాడు అన్నారు. మనలో అనేకుల తాతలు ఆ బల్ల మీద కూర్చొనియే అక్షరములు దిద్దారు. ఈ శతాబ్ది పండుగకు అదియు ఒక పునాది.

కాబట్టి మూడు ప్రశ్నలు మీకు అప్పగించి ముగిస్తాను. మన గుడి చుట్టూ ఉన్న వాడలో ఈ సంవత్సరము బడి మానిన పిల్లలు ఎందరు? వారి పేర్లు కాపరికి, పెద్దలకు తెలుసా? పాడుబడుచున్న మన మిషను బడి గదులను సాయంకాలపు పాఠముల కొరకు ఎందుకు తెరువరాదు? మన సంఘములలోనే ఒక వాడ వారిని ఇంకొక వాడ వారు చిన్నచూపు చూచే అలవాటును మన పిల్లలు మన దగ్గర నేర్చుకొనుచున్నారా?

ఆ ప్రధానోపాధ్యాయురాలు 85 సంచులే అడిగింది. తన బడి పిల్లలకు ఎంత కావలెనో లెక్క చూచుకొని అడిగింది. మనమును మొదట లెక్క చూచుకొందాము. వచ్చే ఆదివారము ఆరాధన ముగియగానే ప్రతి సంఘములో పెద్దలు ఒక కాగితము తీసికొని, బడి మానిన పిల్లల పేర్లు వ్రాయవలెనని బతిమాలుకొనుచున్నాను. ఆ కాగితము చేతిలో ఉంటే, రెండవ నూరేండ్ల పని ఎక్కడ మొదలుపెట్టవలెనో మనకు తెలియగలదు.

దేవుడు మన పిల్లలను, ఆ దూర పట్టణపు పిల్లలను కాపాడునుగాక. ఆమేన్.