పసికందుల కామెర్లు - తండ్రి సెలవు



జీతభత్యాలు, బదిలీలు చర్చించే వేదికపై పసిపిల్లల కామెర్ల ప్రస్తావన ఏమిటని కొందరికి తోచవచ్చు. మన బ్రతుకులు ఎలా ఉన్నాయో చూడండి. తొలికాన్పుకు భార్య పుట్టింట ఉంటుంది. భర్త బండితో లైనులో ఉంటాడు, లేదా రాత్రి షిఫ్టులో ఉత్తరాల సార్టింగు చేస్తుంటాడు. కాన్పు సుఖంగా జరిగితే రెండు మూడు రోజులలోనే తల్లిని ఇంటికి పంపుతారు. సాధారణంగా కామెర్లు హెచ్చేది మూడవ రోజు మొదలు ఐదవ రోజు వరకు. ఆ వేళకు బిడ్డ ప్రక్కన వైద్యుడూ ఉండడు, తండ్రీ ఉండడు.

నెలలు నిండిన ప్రతి పదిమంది శిశువులలో సుమారు ఆరుగురికి, నిండనివారిలో ఎనిమిదిమందికి తొలివారంలో ఒళ్లు పచ్చబడుతుంది. చాలామందికి దానంతటదే తగ్గుతుంది. ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమైనప్పుడు ఏర్పడే బైలిరుబిన్ అనే పచ్చని పదార్థమే దీనికి మూలం. దానిని కాలేయం బయటకు పంపాలి. రెండున్నర కిలోలకు తక్కువగా పుట్టిన బిడ్డ సంగతి వేరు. నెలలు నిండక పుట్టినదైతే కాలేయానికి ఇంకా శక్తి చాలదు. పాలు సరిగా త్రాగలేదు. విరేచనం మందగించి ఆ పదార్థం తిరిగి రక్తంలో చేరుతుంది. తక్కువ మోతాదే మెదడుకు హాని చేయగలదు. నెలలు నిండీ బక్కగా పుట్టిన బిడ్డలలో కొందరికి రక్తం చిక్కబడి కామెర్లు హెచ్చుతాయి. కనుక బరువుతోపాటు ఎన్నవ వారంలో పుట్టిందో కూడా తప్పక వ్రాయించుకోండి.

చికిత్సకు దారి చూపినది ఒక నర్సు. 1956లో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ జీన్ వార్డ్ నెలలు నిండని శిశువులను ఎండకు బయటకు తీసికొని వెళ్లేవారు. ఒక బిడ్డకు దుప్పటి కప్పిన చోట మాత్రమే పచ్చదనం మిగలడం గమనించి వైద్యులకు చూపారు. 1958లో డాక్టర్ క్రీమర్ బృందం కాంతి చికిత్సను లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. నేటి నీలికాంతి దీపాలకు మూలం అదే. అలాగని ఇంటి ముంగిట ఎండలో పడుకోబెట్టడం ఆ చికిత్సకు బదులు కాజాలదు.

మొదటి 24 గంటలలోనే పచ్చదనం కనిపించినా, అది అరచేతులకు, అరికాళ్లకు పాకినా, బిడ్డ పాలు మాని మగతగా పడి ఉన్నా అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి బయలుదేరాలి. పసరు వైద్యం, గ్లూకోజు నీళ్లు వద్దు, తల్లిపాలు మాన్పించవద్దు. జాప్యానికి మూల్యం చెవుడు, లేదా కాలుసేతులు స్వాధీనం తప్పడం.

ఇద్దరికంటె తక్కువ సంతానం గల కేంద్ర ప్రభుత్వోద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవు ఉన్నది. మనలో పలువురు దానిని బారసాలకు దాచుకుంటున్నారు! తొలివారంలోనే వాడుకోండి. సాధారణంగా నిరాకరించరాదని నిబంధనలోనే ఉన్నది. నిరాకరించినచో ఆ ఉత్తర్వు ప్రతిని వెంటనే మీ శాఖా కార్యదర్శికి అందజేయండి.