గ్రామసభలో స్త్రీల మాట

(సిద్దిపేటలో మహిళా సర్పంచులు, వార్డు సభ్యుల ముందు చేసిన ప్రసంగం)



1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ స్థానిక సంస్థల్లో స్త్రీలకు మూడో వంతు స్థానాలు ఇచ్చింది. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం సగం మనవే. ఆ ఏడే ఎన్నో తండాలు, శివారు పల్లెలు సొంత పంచాయతీలయ్యాయి. పంచాయతీ ఆఫీసు ఇంటి దగ్గరికొచ్చింది. మరి అధికారం వచ్చిందా?

చట్టం సర్పంచుకీ, ఉపసర్పంచుకీ కలిపి చెక్కు మీద సంతకం పెట్టే అధికారం ఇచ్చింది. చాలా చోట్ల సంతకం భార్యది, నిర్ణయం భర్తది. దీన్ని ఆమె అమాయకత్వంగా కొట్టిపారేయడం తేలిక. కానీ లెక్కలు, తీర్మానాలు ఆమె ముందు ఎవరు విప్పారు? 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా ప్రత్యేకాధికారుల పాలనలో అడగడానికి ఎన్నికైన మనిషే లేకపోయింది.

పోలండ్‌లో కొన్ని ఊళ్లు కలిసి ‘గ్మినా’ అనే స్థానిక సంస్థ. 2014 నాటి చట్టం ప్రకారం, గ్మినా మండలి ఒప్పుకుంటే, ఊరి వాటా నిధిని దేనికి ఖర్చు చేయాలో ఊరి సభే తేలుస్తుంది. డబ్బు కొంచెమే కావచ్చు, మాట మాత్రం సభది.

మన చట్టంలోనూ రెండు నెలలకోసారి గ్రామసభ ఉంది. దాన్ని కూలి వేళకు పెడితే ఆడవాళ్లు రాలేరు. పొద్దుగూకినాక పెట్టమనండి. ముందురోజే చాటింపు వేయించండి. తీర్మానం చదివించుకోకుండా సంతకం పెట్టకండి. కుర్చీలో మీ బదులు ఇంకెవరినీ కూర్చోనివ్వకండి. ఊరి లెక్క ఊరి ముందు విప్పించడం మన హక్కు.