దస్తర్‌ఖాన్ నుంచి బడి పంక్తి దాకా
(ప్రసంగ పాఠం)



మనిషి ఏమి తింటున్నాడన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ కూర్చుని, ఎవరితో కలిసి తింటున్నాడన్నదీ అంతే ముఖ్యం. భోజనపు అలవాట్లను తీర్చిదిద్దేవి చోటూ, సహవాసమూ. ఈ విషయాన్నే నేడు మీ ముందు ఉంచదలచాము.

ప్రవక్త ముహమ్మద్ (స) తమ ఇంట పెరుగుతున్న ఉమర్ బిన్ అబీ సలమా అనే బాలుడి చేయి పళ్లెమంతా తిరుగుతుండటం చూసి, అల్లాహ్ పేరుతో ప్రారంభించమనీ, కుడిచేత్తో తినమనీ, తన ముందున్నదే తీసుకోమనీ నేర్పారు. ఆ పాఠం జరిగింది భోజనం దగ్గరే. మన పిల్లలకూ ఈ మర్యాదలు దస్తర్‌ఖాన్ మీద పెద్దల పక్కన కూర్చోవడం వల్లనే అబ్బుతాయి. రంజాన్‌లో చూడండి. ఇతర నెలల్లో తలా ఒక వేళకు తినే కుటుంబం ఇఫ్తార్‌కు ఒక్కచోట చేరుతుంది. ఎదుట ఖర్జూరం ఉన్నా చిన్నపిల్లలు సైతం అజాన్ కోసం ఆగుతారు. ఆ ఓర్పు తోటివారిని చూసి నేర్చుకున్నదే.

అదే పిల్లవాడు బడిలో టిఫిన్ డబ్బా తెరవగానే పక్కవారు ముక్కు మూసుకుంటే ఏమవుతుంది? మరునాడు మూత సగమే తెరుస్తాడు. మూలకు వెళ్లి గబగబా తింటాడు, లేదా డబ్బాను అలాగే ఇంటికి తెస్తాడు. బిడ్డకు ఆకలి మందగించిందని తల్లి దిగులు పడుతుంది. లోపం ఆకలిలో లేదు, అతడు కూర్చున్న చోటులో ఉంది. మాంసం వండరాదన్న షరతుపై ఇల్లు అద్దెకు తీసుకున్న కుటుంబమూ అంతే. కిటికీలు మూసి వండుకుంటుంది, క్రమంగా అతిథులను పిలవడమే మానుకుంటుంది.

దీనికి పరిష్కారం పంక్తి నుంచి లేచిపోవడం కాదు. బడుల్లో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. వంటవారి నియామకంలో దళితులకు, షెడ్యూల్డ్ కులాలకు, షెడ్యూల్డ్ తెగలకు ప్రాధాన్యమివ్వాలని 2004లో స్పష్టం చేసింది. 2013 నాటి ఆహార భద్రత చట్టం ఆ భోజనాన్ని పిల్లల హక్కుగా గుర్తించింది. అన్ని కులాల, మతాల పిల్లలు ఒకే వరుసలో కూర్చుని తినే అవకాశం ఈ దేశంలో అరుదు. ఆ వరుసలో వివక్ష చొరబడితే, అదీ అలవాటుగానే మారి జీవితాంతం వెంటాడుతుంది.

కనుక మూడు పనులు కోరుతున్నాము. మొదటిది, రోజుకు ఒక్క పూటయినా ఫోన్లు, టీవీ పక్కనపెట్టి ఇంటిల్లిపాదీ కలిసి తినండి. వడ్డించిన స్త్రీలు చివరన మిగిలింది తినే ఆనవాయితీ పోవాలి. వారికీ దస్తర్‌ఖాన్ మీద చోటుండాలి. రెండవది, విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. ఆ కమిటీల్లో చేరండి. మధ్యాహ్నం బడికి వెళ్లి, మన పిల్లలు ఎక్కడ, ఎవరి పక్కన కూర్చుని తింటున్నారో చూడండి. ఎగతాళి జరుగుతుంటే ప్రధానోపాధ్యాయుల దృష్టికి తీసుకెళ్లండి. మూడవది, ఇరుగుపొరుగును ఇఫ్తార్‌కు, పండుగకు పిలవండి. శాకాహారులకు వారి రుచికి తగినట్లు వేరుగా వండండి. మన ఆహారానికి గౌరవం కోరే మనం ఇతరుల ఆహారాన్నీ గౌరవించాలి.

మన బిడ్డ తన డబ్బా మూత పూర్తిగా తెరిచి, పక్కవాడికి ఒక ముద్ద అందించగలగాలి. అతడి ముద్దను సంతోషంగా అందుకోగలగాలి. మన హక్కుల కృషిలో ఇదీ ఒక భాగమని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాము.