వెంట్రుకవాసి కొలత
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయమును నిలుపుకొనివచ్చిన గ్రామస్థులు, ఏదేని శాస్త్రవిషయమును గూర్చి ప్రసంగింపుమని నన్ను కోరిరి. నక్షత్రములను గూర్చి చెప్పవలెనని మొదట తలచితిని. కాని నిన్న సాయంకాలము ఊరిలోనికి వచ్చుచు, వైండింగు అంగడి ముంగిట కాలిపోయిన మోటార్లు నాలుగు వరుసగా పడియుండుట చూచి మనసు మార్చుకొంటిని. నేడు చెప్పబోవునది మైక్రోమీటరను చిన్న పనిముట్టును గూర్చి. బడిపిల్లలు దీనినే స్క్రూగేజి యందురు.

మొదట మా యింటి సంగతి యొకటి. పాకాల ప్రాంతమున మా మేనమామగారికి బావి క్రింద ఎకరమున్నర చెరకుతోట యుండెను. ఒక వేసవిలో మోటారు కాలెను. పట్టణమునకు మోసికొనిపోయి, క్రొత్త తీగ చుట్టించి తెచ్చి బిగించిరి. ఇరువది దినములు తిరుగకమునుపే అది మరల కాలెను. కరెంటు మంచిది కాదని కొందరు, బావి దిక్కు మంచిది కాదని కొందరు అనిరి. రెండవ మెకానిక్కు ఏమియు అనలేదు. కాలిన తీగముక్క నొకటి, గోనెసంచిలో మిగిలిన పాత తీగముక్క నొకటి తీసి, మంటలో పూత మాడ్చి, గుడ్డతో తుడిచి, రెంటిని మైక్రోమీటరుతో కొలిచెను. పాతది 0.71 మిల్లీమీటరు, క్రొత్తది 0.61.

మొదటి పనివాడు మోసగాడు కాడు. గోటితో తడివి, కంటితో పోల్చి, 22 గేజికి బదులు 23 గేజి తీగను చుట్టెను. భేదము మిల్లీమీటరులో పదియవ పాలే కదా యని మీరనవచ్చును. కాని మందము తగ్గినప్పుడు రాగి తగ్గుట దాని వర్గమునుబట్టి జరుగును. 0.71 స్థానమున 0.61 వచ్చినచో రాగి నాలుగవ వంతుకు పైగా తగ్గును. నిరోధము మూడవ వంతుకు పైగా పెరుగును. అదే కరెంటు పారినప్పుడు పుట్టు వేడియు అంతే పెరుగును. వోల్టేజి తగ్గిన రాత్రులలో మోటారు ఎక్కువ కరెంటును లాగికొనును. ఇక తీగ ఏమి తట్టుకొనును? ఆ యేడు మామగారి తోటలో సగము ఎండెను.

మన పెద్దలు బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు అని కొలిచిరి. మిక్కిలి సూక్ష్మమైన దానిని వెంట్రుకవాసి యనిరి. తిరుమలలో శ్రీవారికి సమర్పింపబడు తలనీలములను పొడవునుబట్టి వేరుచేసి వేలము వేయుదురు. వాని మందమును ఎవరు చూతురు? మనుష్యుని తలవెంట్రుక సాధారణముగా 0.05 మొదలు 0.1 మిల్లీమీటరు వరకు మందముండును. మైక్రోమీటరులోని ఒక్క గీత 0.01 మిల్లీమీటరు. అనగా ఇది వెంట్రుకను సైతము ముక్కలుగా లెక్కించు పనిముట్టు.

ఇందలి రహస్యము మరచుట్టే. మరను ఒక మారు పూర్తిగా త్రిప్పినచో అది అర మిల్లీమీటరు మాత్రమే ముందునకు జరుగును. దానితో తిరుగు గొట్టము అంచున 50 గీతలుండును. ఒక్క గీత త్రిప్పిన, మర నూరవ పాలు మిల్లీమీటరు కదలును. కంటికానని ఆ కదలిక గొట్టముపై దాదాపు ఒక మిల్లీమీటరు ఎడముగా కనబడును. జేమ్సు వాట్టు 18వ శతాబ్దిలోనే ఇట్టి మరకొలతను బల్లమీద అమర్చుకొనెను. చేత పట్టుకొను రూపమునకు ఫ్రాన్సు దేశమున పామరు అనునాతడు 1848లో పేటెంటు పొందెను. చరిత్ర అంత చాలును.

చదువు విధము వినుడు. కదలని గొట్టముపై బయటపడిన గీతలను ముందు చూడవలెను. పూర్తి మిల్లీమీటర్లు, పిదప అర గీత. దానికి తిరుగు గొట్టముపై అడ్డగీతకు ఎదురుగా నిలిచిన అంకెను నూరవ పాళ్లుగా కలుపవలెను. అర గీత కనబడి, గొట్టముపై 23 ఉన్నచో 0.73.

పొరపాటు జరుగుచోటు వేరొకటి. మోటారు ఇరుసుపై 6204 బేరింగు కూర్చుండుచోట మందము 20 మిల్లీమీటర్లుండవలెను. అరిగిన ఇరుసును పెట్టితిరనుకొనుడు. గొట్టముపై 45 కనబడును. 20వ గీత అంచున తొంగిచూచుచున్నట్లే తోచును. దానిని నమ్మినవాడు 20.45 అని వ్రాయును. నిజమునకు 19.5కు 0.45 కలిసి 19.95. బేరింగు వదులుటకు ఆ లోటు చాలును. వదులు పట్టునంతటి ఇరుసు 20ని మించియుండునా యని ఒక్క క్షణము ఆలోచించినచో తప్పు పట్టుబడును.

కొలుచుటకు ముందు ఖాళీగా మూసి చూడుడు. సున్నకు సున్న కలియక 2 గీతలు ఎక్కువ చూపినచో, ప్రతి కొలతనుండియు 0.02 తీసివేయవలెను, తక్కువ చూపినచో కలుపవలెను. నేను చెప్పిన 0.73 అట్లే 0.71 అయినది. చివరనున్న చిన్న పిడినే పట్టి త్రిప్పుడు. అది టకటక మనగానే ఆపుడు. బలముగా బిగించినచో మెత్తని రాగి నొక్కుకొనిపోవును, మరయు చెడును.

ఎనామిలు పూతతో కొలిచిన అంకె తీగ అంకె కాదు. బోరులో దించు మోటార్ల తీగకు ప్లాస్టిక్కు తొడుగు మరియు మందము. దానిని ఒలిచి రాగినే కొలువవలెను. ఒంటి 19 గేజి దొరకనప్పుడు రెండు 22 గేజి తీగలను జంటగా చుట్టుదురు. రెంటి రాగియు కలిసి ఇంచుమించు సరిపోవును గనుక అది తప్పు కాదు. అయితే తీగ రాగియో, రాగి పూసిన అల్యూమినియమో మైక్రోమీటరు చెప్పదు. కత్తితో గీకి, లోపలి రంగు చూడవలసినదే.

గేజి సంఖ్య పెరిగినకొలది తీగ సన్నమగును. ఈ తలక్రిందుల లెక్క చాలమందిని తికమక పెట్టును. కావున 19 గేజి 1.016, 20 గేజి 0.914, 21 గేజి 0.813, 22 గేజి 0.711, 23 గేజి 0.610, 24 గేజి 0.559 అని పెద్ద అక్షరములతో వ్రాయించి తెచ్చితిని. పత్రికల బల్ల ప్రక్కన తగిలించుటకు కార్యదర్శిగారు అంగీకరించిరి. మైక్రోమీటరు ఇదిగో, ఈ బల్లపైననే యున్నది. ముందు వరుసలోని పిల్లలు తలా ఒక వెంట్రుక తీసికొని రండు, కొలిచి చూతము.