కూత వినండి, మెడ తిప్పండి
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం పంతులుకు మోటారు సంగతి ఎందుకని మీరనవచ్చు. అమ్మీని ఆస్పత్రికి తీసుకుపోవడానికి నలభై దాటాక కారు నేర్చుకున్నాను. నేర్పింది మా మేనల్లుడు. "మామూ, కూత వచ్చేదాకా వెనుకకు రానివ్వండి" అనేవాడు. నేనూ అట్లాగే నేర్చాను.

2019 జూలై 1 నుండి మన దేశంలో తయారయ్యే కార్లకు ఈ కూత తప్పనిసరి అయింది. వెనుక బంపరులోని గుండ్రని బిళ్ళలు మన చెవికి వినపడని ధ్వనిని పంపుతాయి. అది గోడకు తగిలి తిరిగివస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో లెక్కగట్టి దూరం తెలుసుకుంటుంది యంత్రం. మీటరు దూరమైతే సెకనులో వెయ్యింట ఆరు వంతులు చాలు. దగ్గరైనకొద్దీ కూత త్వరపడుతుంది.

కాని తగిలి తిరిగివస్తేనే గదా కూత! గుంటకు ప్రతిధ్వని ఏది? సన్నని కడ్డీ, బంపరు కిందికి పోయిన వస్తువు దానికి అందకపోవచ్చు. బిళ్ళకు బురద అంటినా అంతే.

ఒకనాడు మా గల్లీలో వెనుకకు తీస్తున్నాను. కూత లేదు, దారి ఉందనుకున్నాను. చక్రం మురికికాలువలో దిగబడింది. పదిమంది చేరి ఎత్తారు. పక్కింటి ఆమె మెల్లగా అన్నది: "మాస్టర్ సాబ్, నా బిడ్డ రోజూ ఆ గట్టు మీదనే కూసుంటది." ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లెక్కల పుస్తకం చివర జవాబులుంటాయి. లెక్క చేసి చూసుకున్నవాడికి అవి మేలు. ముందే చూసినవాడికి లెక్క రాదు. ఈ కూతా అంతే. ముందు దిగి బండి చుట్టూ తిరిగి చూడండి. అద్దాలు చూడండి, మెడ తిప్పండి. ఆ తరువాత కూత వినండి.

అయితే యంత్రాన్ని నమ్మవలసిన చోటూ ఉంది. ఏబీఎస్ ఉన్న కారులో గట్టిగా బ్రేకు తొక్కితే పాదం కింద అదురుతుంది. చక్రం బిగుసుకోకుండా అది చేసే పని అది. కొత్తవారు జడిసి కాలు తీస్తారు. తీయకూడదు, బండి ఆగేదాకా తొక్కే ఉంచాలి.

మన పిల్లల్లో కొందరు డ్రైవరు పనికి గల్ఫుకు పోదామనుకుంటున్నారు. అక్కడ బండి కుడివైపున నడపాలి. చేతికొచ్చే బండికి ఈ బిళ్ళలు ఉండనూవచ్చు, లేకపోనూవచ్చు. మెడ తిప్పే అలవాటు మాత్రం ఎక్కడికైనా వెంట వస్తుంది.

ఇంటికి పోయేటప్పుడు బండి వెనుక ఒకసారి చూసుకోండి. ఖుదా హాఫిజ్.