లాము తీరంలో తెరచాప

తెరచాప పడవలో విహరించాలనుకునేవారికి నేను మొదట చెప్పే పేరు కెన్యాలోని లాము ద్వీపం. ఇక్కడి ధౌ పడవలకు త్రికోణపు తెరచాపే ఆధారం. చలికాలంలో ఈశాన్యపు గాలి, ఆ తర్వాత దక్షిణపు గాలి. ఈ రెండింటినే నమ్ముకుని అరేబియా, గుజరాత్ వర్తకులు శతాబ్దాలపాటు ఈ తీరానికి వచ్చి వెళ్లారు.

ఊళ్లో సందులు ఎంత ఇరుకంటే, సామాను మోసేది గాడిదలే. పగడపు రాతి గోడలు, మడచెట్ల దూలాలు. ఇక ఆ చెక్కడపు తలుపుల ముందు ఎంతసేపైనా నిలబడిపోవచ్చు! 2001లో యునెస్కో ఈ పాత పట్టణాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇళ్లలో కొబ్బరిపాలతో వండిన అన్నం, చేపల కూర. మన కోనసీమవాళ్లకు కొబ్బరి కమ్మదనం కొత్తేమీ కాదు.

పడవ మాట్లాడుకునేముందు ఆటుపోట్ల వేళలు తప్పక అడగండి. నీరు తీస్తే మడ అడవుల మధ్య కాలువల్లో పడవ కదలదు.