పరీక్ష దినమున ఇంట ఉంచిన పిల్లలు
(శతవార్షికోత్సవ సభలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుల పక్షమున చేసిన ప్రసంగము)



ఈ శుభ సందర్భమున మన ప్రాథమిక పాఠశాలను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా మమ్ములను కోరారు. మంచి సంగతులు చెప్పుట సులభము. అయితే మేము ఈ సమయమును ఒక తప్పు ఒప్పుకొనుటకు వాడుకొనదలచాము.

కొన్ని సంవత్సరముల క్రితము చుట్టుపట్ల పాఠశాలలన్నింటికీ ఒకే ప్రశ్నపత్రముతో పరీక్ష జరిగింది. ఏ బడికి సరాసరి ఎన్ని మార్కులో పట్టిక వేస్తారని మాకు ముందే తెలిసింది. పరీక్షకు ముందు దినము సాయంత్రము, ఐదవ తరగతిలో బాగా వెనుకబడిన ఇద్దరు పిల్లల ఇండ్లకు వెళ్ళి, "రేపు బడికి పంపకపోయినా ఫరవాలేదమ్మా" అని చెప్పి వచ్చాము. ఆ తల్లులు మారు మాట్లాడలేదు. పంతుళ్ళు చెప్పారు గనుక అది పిల్లల మేలుకేనని నమ్మారు. మన బడికి మంచి స్థానము వచ్చింది. ఆదివారము ఆరాధన తరువాత ఆ సంగతి ప్రకటించగా మీరందరు చప్పట్లు కొట్టారు. ముందు చాపల మీద కూర్చున్న ఆ ఇద్దరు పిల్లలు కూడా చప్పట్లు కొట్టారు.

మేము చేసిన లెక్క ఎంత సులభమో చూడండి. ఒక తరగతిలో ఐదుగురు పిల్లలున్నారనుకొనండి. వారి మార్కులు 80, 70, 60, 20, 20. మొత్తము 250, సరాసరి 50. చివరి ఇద్దరిని ఇంట ఉంచితే మిగిలిన ముగ్గురి మొత్తము 210, సరాసరి 70. ఒక్క బిడ్డకు ఒక్క అక్షరము అదనముగా రాలేదు. బడి మాత్రము ఇరవై మార్కులు పైకి పోయింది!

ఇది క్రొత్త జబ్బు కాదు. 1862లో ఇంగ్లండులో రాబర్టు లో అను మంత్రి కాలమున ఒక నిబంధన వచ్చింది. చదువుట, వ్రాయుట, లెక్కలు అను మూడింటిలో ఇన్‌స్పెక్టరు ఒక్కొక్క బిడ్డను పరీక్షించేవాడు. తప్పిన ప్రతి విషయమునకు బడికి రావలసిన గ్రాంటులో కొంత కోత పడేది. దానితో ఉపాధ్యాయులు వాచకమును మొదటినుండి చివరివరకు పిల్లలచేత కంఠస్థము చేయించసాగారు. తానే ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన కవి మాథ్యూ ఆర్నాల్డు ఈ పద్ధతిని గట్టిగా విమర్శించాడు. ఫలితములనుబట్టి గ్రాంటు ఇచ్చు ఆ పద్ధతి మన కోస్తా జిల్లాలున్న మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. మిషను బడులనేకము దానిమీద ఆధారపడి నడిచాయి. ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఆ పద్ధతి పోయింది గాని, మార్కుల పట్టికకు భయపడు అలవాటు మనలను విడువలేదు.

అట్లయితే పరీక్షలే వద్దా? వద్దని మేము అనము. జ్వరము చూడనిదే వైద్యము లేదు. కాని జ్వరము ఎక్కువగా ఉన్న రోగిని దాచిపెట్టి మా ఆసుపత్రిలో జ్వరమే లేదనుట వైద్యము కాదు. 2017లోను 2021లోను దేశమంతట జరిగిన జాతీయ సాధన సర్వే గాని, 2024 డిసెంబరులో పరఖ్ సంస్థ 3, 6, 9 తరగతులకు జరిపిన సర్వే గాని ఒక బడికి ర్యాంకు ఇచ్చుటకు ఉద్దేశించినవి కావు. ఏ జిల్లాలో, ఏ విషయములో పిల్లలు వెనుకబడ్డారో తెలిసికొనుటకే అవి జరిగాయి.

ప్రథమ్ అను సంస్థ 2005 నుండి గ్రామములలో జరుపుచున్న అసర్ సర్వే మరింత సూటియైనది. పిల్లలున్న ఇంటికే వెళ్ళి, ఒక్కొక్కరిని కూర్చుండబెట్టి, అక్షరములు, మాటలు, చిన్న పేరా, రెండవ తరగతి స్థాయి కథ చదివించి చూస్తారు. బడికి రాని బిడ్డ కూడా ఆ లెక్కలోనికి వస్తాడు. 2024 నివేదిక ప్రకారము దేశములోని గ్రామీణ ప్రభుత్వ పాఠశాలలలో మూడవ తరగతి పిల్లలలో నూటికి సుమారు 23 మంది, ఐదవ తరగతిలో సుమారు 45 మంది మాత్రమే ఆ కథ చదువగలిగారు. 2022లో ఈ సంఖ్యలు సుమారు 16, 38.

మేము సిగ్గుపడి, మన బడిలో కూడా ఆ విధముగానే ఒక్కొక్క బిడ్డచేత చదివించి చూచాము. మేము ఇంట ఉంచిన ఇద్దరిలో ఒకడు గుణింతము దగ్గర ఆగిపోయాడు. రెండవ బిడ్డకు మాటలు వచ్చును గాని వత్తులు వచ్చినచోట నాలుక తడబడింది. ఇంకొక సంగతి మమ్ములను మరింత కలవరపెట్టింది. పరీక్షలో మార్కులు తెచ్చుకొన్న పిల్లలలో సహితము కొందరు ఆ కథ చదువలేకపోయారు. మాదిరి ప్రశ్నపత్రములు మళ్ళీ మళ్ళీ చేయించి, ఏ గడి నింపవలెనో నేర్పాము గాని చదువు నేర్పలేదు.

అప్పటినుండి రోజుకు ఒక గంట తరగతులు ప్రక్కనబెట్టి, ఎవరు ఎక్కడ ఆగారో అక్కడినుండి కూర్చుండబెట్టి చెప్పుచున్నాము. వత్తుల దగ్గర తడబడిన పాప ఏడాది తిరుగక ముందే కథ చదివింది. గుణింతము దగ్గర ఆగిన పిల్లవాడు ఆ వేసవిలో తల్లిదండ్రులతో పనికి వలసపోయి తిరిగి రాలేదు. వాడు మన బడిలో ఉండగలిగిన కొద్ది దినములలో ఒక దినమును మేమే తీసివేశామన్న బాధ మాకున్నది.

సంఘ పెద్దలారా, తల్లిదండ్రులారా, మిమ్ములను కోరునది రెండే సంగతులు. ఇకమీదట బడి కమిటీలో "మన స్థానమెంత?" అని అడుగుటకు ముందు "చదువురాని పిల్లలు ఎందరు? వారికేమి చేయుచున్నారు?" అని మమ్ములను అడగండి. ఇంటికి వచ్చిన బిడ్డను "ఎన్ని మార్కులు?" అనుటకు మారుగా, ఒక పుస్తకము చేతికిచ్చి "చదివి వినిపించమ్మా" అనండి. మీకు చదువు రాకపోయినను వినుట వచ్చును గదా!

వచ్చే పరీక్షలో మన బడి స్థానము క్రిందికి దిగవచ్చును. ఆ దినమున బడిలోని ప్రతి బిడ్డ బల్లమీద ఉన్నాడని తెలిసిన తరువాత, అప్పుడు కూడా చప్పట్లు కొట్టండని వేడుకొనుచున్నాము.